శబ్దం పెరిగింది సరే, పవరో?

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో సాయంత్రం పూట గొంతు మారిన కారొకటి వెళ్తే, పక్కన టీ తాగుతున్నవాళ్లలో ఒకడైనా ‘హెడర్స్ వేయించాడ్రా’ అంటాడు. చాలాసార్లు అక్కడ మారింది వెనక వేలాడే సైలెన్సర్ డబ్బా ఒక్కటే. హెడర్స్ ఉండేది బానెట్ కింద, ఇంజన్ హెడ్‌కు ఆనుకుని. వాటి పని శబ్దం చేయడం కాదు. కాలిన వాయువును ఇంజన్‌లోంచి త్వరగా, క్రమంగా లాగేయడం. ఆ పని అవి బాగా చేయాలంటే ఇంజన్ ఒక రకానిదై ఉండాలి, ఒక వేగంలో తిరగాలి, బిగింపు నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉండాలి. ఈ మూడూ కలిసే కార్లు మన రోడ్ల మీద ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి.

కంపెనీ బిగించి ఇచ్చేది సాధారణంగా పోత ఇనుప మ్యానిఫోల్డ్. చూడటానికి మొరటుగా ఉంటుంది. నాలుగు సిలిండర్ల నుంచి నాలుగు పొట్టి గొట్టాలు వచ్చి వెంటనే ఒకదాన్లో కలిసిపోతాయి. ఇంజనీర్లకు తెలియక అలా చేశారనుకుంటే పొరపాటు. పోత ఇనుము చవక, పదిహేనేళ్లు పగలదు, చప్పుడును మింగేస్తుంది. పైగా గొట్టం పొట్టిగా ఉండటం వల్ల వేడి పోకుండా క్యాటలిటిక్ కన్వర్టర్‌కు (పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా, దీన్నే క్యాటలిస్ట్ అంటారు) చేరుతుంది. ఆ కన్వర్టర్‌లోని ప్లాటినం, పల్లాడియం, రోడియం పూతలు 250-300 డిగ్రీలు దాటితే గానీ పని మొదలుపెట్టవు. కారు స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో వచ్చే పొగే అన్నిటికంటే మురికి. కాబట్టి కంపెనీ లెక్కలో త్వరగా వేడెక్కే మ్యానిఫోల్డే మంచి మ్యానిఫోల్డ్. పవర్ ఆ లెక్కలో మూడో నాలుగో వరసలో ఉంటుంది.

హెడర్ ఆ వరసను తిరగేస్తుంది. ఒక్కో సిలిండర్‌కు విడిగా, వీలైనంత సమానమైన పొడవులో సన్నని స్టీలు గొట్టం ఇచ్చి, అవన్నీ కొంత దూరం పోయాక ఒకచోట కలుపుతుంది. కలిసే ఆ చోటే కలెక్టర్. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరిగేలోపు నాలుగు సిలిండర్లూ ఒక్కోసారి పేలతాయి. అంటే ప్రతి 180 డిగ్రీలకు ఒకసారి వేడి గాలి గుంపు బయటికి దూకుతుంది. కావలి స్టేషన్‌లో ఆగకుండా దూసుకెళ్లే సూపర్‌ఫాస్ట్ వెనక ప్లాట్‌ఫాం మీది కాగితాలు లేచి వెంటపడతాయి కదా, అలాగే ముందు వెళ్లిన గుంపు తన వెనక ఒత్తిడి తగ్గించి, సిలిండర్‌లో మిగిలిన పొగను లాక్కుంటుంది. సరిగ్గా ఆ క్షణంలో ఎగ్జాస్ట్ వాల్వ్ ఇంకా మూసుకోకుండా, ఇన్‌టేక్ వాల్వ్ అప్పుడే తెరుచుకుంటూ ఉంటే, ఆ లాగుడు కొత్త గాలిని కూడా లోపలికి తెస్తుంది. లాభమంతా ఆ కాసేపట్లోనే.

ఇక్కడ గాలి ప్రవాహమే కాదు, ఒత్తిడి తరంగం కూడా పనిచేస్తుంది. వాల్వ్ తెరుచుకోగానే బయల్దేరిన ఒత్తిడి కలెక్టర్ దాకా వెళ్లి, అక్కడ గొట్టం ఒక్కసారిగా వెడల్పు కావడంతో తగ్గిన ఒత్తిడిగా మారి వెనక్కి తిరుగుతుంది. వేడి పొగలో ధ్వని వేగం మామూలు గాలిలోకంటే చాలా ఎక్కువ. సెకనుకు 550 మీటర్లు అనుకుందాం. గొట్టం పొడవు 80 సెంటీమీటర్లయితే పోయి రావడానికి 1.6 మీటర్లు, అంటే సుమారు 2.9 మిల్లీసెకన్లు. 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఆ వ్యవధిలో క్రాంక్ దాదాపు 105 డిగ్రీలు తిరుగుతుంది. 3,000 దగ్గర 52 డిగ్రీలే. ఒకచోట సరిగ్గా అందిన సాయం ఇంకోచోట ముందే వచ్చేస్తుంది, కొన్నిచోట్ల అడ్డం కూడా పడుతుంది. ఒకే గొట్టం అన్ని వేగాల్లోనూ లాభం ఇవ్వలేకపోవడానికి కారణం ఇదే. ‘మొత్తం రేంజ్‌లో పవర్ పెరుగుతుంది’ అని డబ్బా మీద రాసి ఉంటే, రాసినవాడికి అమ్మకాలు తెలుసని మాత్రం అర్థం చేసుకోవచ్చు.

అందుకే నాలుగు సిలిండర్ల హెడర్లలో రెండు జాతులున్నాయి. నాలుగు గొట్టాలూ ఒకేసారి కలిసేది ‘ఫోర్-వన్’. పై ఆర్‌పీఎంలో గట్టిగా లాగుతుంది, కింద మందకొడిగా ఉంటుంది. రెండేసి కలిసి, ఆ రెండూ మళ్లీ కలిసేది ‘ఫోర్-టూ-వన్’. ఎక్కువ ఇంజన్లలో పేలే వరస 1-3-4-2 కాబట్టి 1, 4 సిలిండర్లను ఒక జతగా, 2, 3 సిలిండర్లను ఇంకో జతగా కలుపుతారు. అప్పుడు జతలోని రెండు గుంపుల మధ్య 360 డిగ్రీల ఎడం దొరికి, ఒకదాన్నొకటి తొక్కుకోవు. మధ్య వేగాల్లో పికప్ బాగుండేది దీనితోనే. ట్రంక్ రోడ్డు ట్రాఫిక్‌లో రెండో గేరులో పాకే కారుకు ‘ఫోర్-వన్’ పెట్టించడం డబ్బు ఖర్చు పెట్టి పికప్ పోగొట్టుకోవడమే.

గొట్టం లావు విషయంలో ఇంకా పెద్ద తప్పులు జరుగుతుంటాయి. అంగుళంన్నర గొట్టం బదులు అంగుళం ముప్పావు వేస్తే తేడా పావు అంగుళమే అనిపిస్తుంది. కానీ లోపలి వైశాల్యం దాదాపు 36 శాతం పెరుగుతుంది. చిన్న ఇంజన్ ఆ గొట్టాన్ని నింపలేక పొగ నెమ్మదిస్తుంది, లాగుడు పోతుంది. ‘ఇంజన్‌కు కొంత బ్యాక్ ప్రెషర్ ఉండాలన్నా’ అని మెకానిక్కులు చెప్పే మాట ఇక్కడి నుంచే పుట్టింది. గమనించింది నిజమే, కారణం వేరు. బ్యాక్ ప్రెషర్, అంటే బయటికి పోయే పొగను వెనక్కి నెట్టే ఒత్తిడి, ఏ ఇంజన్‌కూ మేలు చేయదు. లావు గొట్టంతో పోయింది వేగం.

ఇంతకీ పెరిగేదెంత? ఆశలు ఎక్కువగా పుట్టేది అమెరికా వీడియోల నుంచి. అక్కడ 5 లీటర్ల వీ8 ఇంజన్‌కు పొడవాటి హెడర్లు వేస్తే 20 హార్స్‌పవర్ పెరిగిందంటారు. నమ్మదగిన మాటే. 400 హార్స్‌పవర్‌లో 20 అంటే 5 శాతం. అదే 5 శాతాన్ని 83 హార్స్‌పవర్ 1.2 లీటర్ స్విఫ్ట్‌కు వేస్తే నాలుగు. అది కూడా అన్నీ కుదిరితే, ఆరువేల ఆర్‌పీఎం దరిదాపుల్లో. ఇప్పుడు మన ఊరి వాతావరణాన్ని లెక్కలోకి తెద్దాం. రోహిణి కార్తెలో నెల్లూరులో మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే, 25 డిగ్రీల గాలితో పోలిస్తే దాని సాంద్రత సుమారు 5 శాతం తక్కువ. ఇంజన్‌లోకి వెళ్లే ఆక్సిజన్ అంత తగ్గుతుంది. హెడర్ సంపాదించి పెట్టినదాన్ని మే నెల ఎండ ఒక్కటే పట్టుకుపోగలదు. అందుకే ‘డిసెంబర్‌లో బాగా పరిగెత్తింది, ఇప్పుడేంటో’ అనే ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు థర్మామీటర్ చూడాలి.

హెడర్ నుంచి నిజంగా లాభం పొందే కార్లు టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నెట్టే పంపు) లేనివి, ఎక్కువ ఆర్‌పీఎంలో తిరగడానికి ఇష్టపడేవి. పాత హోండా సిటీ వీటెక్, మారుతి ఎస్టీమ్ లాంటివి. దానితోపాటు వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్, గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మ్యాప్ కూడా మారి, ఆ కారు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఆరేడు వేల ఆర్‌పీఎంలో తిరుగుతుంటే, ఖర్చుకు అర్థం ఉంటుంది. మన జిల్లాల్లో అలాంటి ట్రాక్ లేదు. నెల్లూరు నుంచి అక్కడికి మూడు నాలుగు గంటల ప్రయాణం కాబట్టి ఉత్సాహం ఉన్నవాళ్లు వెళ్లి వస్తుంటారు.

టర్బో కార్లలో కథే వేరు. అక్కడ ఎగ్జాస్ట్ పొగ ముందుగా టర్బైన్‌ను తిప్పాలి. తరంగాల లెక్క టర్బైన్ దగ్గరే తెగిపోతుంది. ఫోక్స్‌వ్యాగన్ 1.0, 1.5 టీఎస్ఐ ఇంజన్లలో అయితే మ్యానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌లోనే కలిపి పోసేశారు, విప్పడానికి విడిగా ఏమీ ఉండదు. ఈ కార్లకు ‘హెడర్స్’ పేరుతో అమ్మేది చాలావరకు డౌన్‌పైప్. అంటే టర్బో తర్వాతి గొట్టం. అందులో క్యాటలిస్ట్ తీసేసి ఉంటే లాభం కనబడుతుంది, కానీ ఆ లాభం గొట్టం తెలివితేటలది కాదు, క్యాటలిస్ట్ లేకపోవడానిది. టర్బో లేని కొత్త కార్లలోనూ ఇదే చిక్కు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 పొగ ప్రమాణాలు వచ్చాక క్యాటలిస్ట్‌ను మ్యానిఫోల్డ్‌కు వీలైనంత దగ్గరికి తెచ్చారు. చాలా కార్లలో రెండూ ఒకే ముక్క. మ్యానిఫోల్డ్ తీసి హెడర్ పెట్టడమంటే క్యాటలిస్ట్‌ను తీసి గోడకానించడమే.

అక్కడే చట్టం అడ్డం వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) ప్రకారం యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా రెండూ పడవచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే సెక్షన్ 190(2) ఉంది. మొదటిసారికే రూ.10,000 వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్స్‌కు అనర్హత. పోలీసులు బుల్లెట్ సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కించే ఫొటోలు చూసి, కారు కాబట్టి ఎవరూ అడగరనే ధీమా ఒకటి ఉంది. బానెట్ ఎత్తి ఎవరూ చూడకపోవచ్చు గానీ, పొల్యూషన్ సర్టిఫికెట్ మిషన్ చూస్తుంది. బీఎస్4, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. క్యాటలిస్ట్ లేని ఇంజన్ ఆ గీత లోపల ఉండటం కష్టం. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు అయితే, ప్రమాదం తర్వాత క్లెయిం దగ్గర అదొక సాకు అవుతుంది.

ఇన్ని తెలిసీ, కారు ట్రాక్ కోసమే అనుకుని దిగేవాళ్లకు అసలు పరీక్ష బిగింపు. డబ్బా విప్పి పాతది తీసి కొత్తది పెట్టే పనిలా కనబడుతుంది. పదేళ్లు ఎర్రగా కాలి చల్లారిన స్టడ్లు (మ్యానిఫోల్డ్‌ను హెడ్‌కు పట్టి ఉంచే మరల కడ్డీలు) అంత తేలిగ్గా ఊడవు. చల్లని ఇంజన్ మీద ముందురోజు రాత్రే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేయాలి. పొద్దున నట్టును ఒకేసారి బలంగా తిప్పకూడదు. పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, మళ్లీ విప్పి, ఇలా ఊపుతూ పోవాలి. కిర్రుమనే చప్పుడు వస్తే మంచిదే, తుప్పు వదులుతోంది. చప్పుడు లేకుండా మెత్తగా, రబ్బరులా తిరుగుతోందంటే స్టడ్ మెలిపడుతోందని అర్థం, అక్కడే ఆపాలి. ఆ తేడా చేతికి తెలియని కుర్రాడి చేతిలో న్యుమాటిక్ గన్ పెడితే స్టడ్ తెగి సగం హెడ్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు తెగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పడం ఒక దారి. అదీ కుదరకపోతే డ్రిల్ చేయడం, అల్యూమినియం హెడ్‌లో మరలు పోతే హెలికాయిల్ (కొత్త మరలిచ్చే తీగ చుట్ట) వేయడం. రెండు గంటల పని రెండు రోజులయ్యేది ఈ ఒక్క స్టడ్ దగ్గరే.

తర్వాతిది ఫ్లాంజ్, అంటే హెడర్‌లో ఇంజన్ హెడ్‌కు ఆనే పలక. కొత్త హెడర్ ఫ్లాంజ్ చదునుగా ఉందో లేదో స్కేలు ఆనించి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. చవక హెడర్లలో వెల్డింగ్ వేడికి ఫ్లాంజ్ వంగి ఉండటం మామూలే. లేత్ మిషన్ ఉన్న చోట దాని ముఖం చదును చేయించుకుంటే సరిపోతుంది. అది మానేసి ‘రెండు ప్యాకింగ్‌లు వేద్దాం, ఎర్ర సిలికాన్ పూద్దాం’ అంటే పని పాడైనట్టే. సిలికాన్ ఆవిరి, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్‌ను చంపేస్తుంది. కొత్త గ్యాస్కెట్, రాగి పూత నట్లు, మధ్య నుంచి మొదలుపెట్టి చివర్లకు రెండు మూడు విడతల్లో టార్క్ రెంచ్‌తో బిగింపు, ఇంతకు మించి మంత్రం లేదు. నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక మరోసారి రెంచ్ పట్టాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో బిగింపునే.

లీకు వస్తే శబ్దం ఒక్కటే సమస్య అనుకుంటారు. అసలు నష్టం కంటికి కనబడదు. పొగ గుంపుకూ గుంపుకూ మధ్య గొట్టంలో ఒత్తిడి బయటి గాలికంటే తగ్గుతుంది. సన్నని సందులోంచి గాలి లోపలికి పోతుంది. ముందున్న ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి, ఇంజన్‌కు పెట్రోల్ చాలడం లేదని ఈసీయూకు చెబుతుంది. ఈసీయూ నమ్మి పెట్రోల్ పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ‘హెడర్స్ వేస్తే మైలేజీ పోద్ది’ అనే మాటకు మూలం చాలాసార్లు ఈ సందే. ఫోన్‌కు కలిసే చిన్న ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం)తో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత సర్దుతోందో చూస్తే అది ప్లస్ 10 శాతం పైన నిలబడి ఉంటుంది. పొద్దున్నే చల్లని ఇంజన్‌లో టిక్ టిక్ మని వినబడి, వేడెక్కాక మాయమయ్యే చప్పుడు కూడా లీకు గుర్తే. లోహం సాగి సందు మూసుకుంటుందంతే. ఫ్లాంజ్ చుట్టూ నల్లటి మసి గీత కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు.

సెన్సర్‌ను బిగించే చోటు కూడా లెక్కలోదే. దాని కొన కొంచెం కిందికి వాలి ఉండాలి, లేకపోతే చెమ్మ చేరి సెరామిక్ పగులుతుంది. కలెక్టర్ బాగా కిందికి పోయి, సెన్సర్ ఇంజన్‌కు మరీ దూరమైతే వేడెక్కడం ఆలస్యమవుతుంది. వెనక సెన్సర్ క్యాటలిస్ట్ పనితనాన్ని చూస్తుంది కాబట్టి, క్యాటలిస్ట్ లేకపోతే పీ0420 కోడ్‌తో చెక్ లైట్ వెలుగుతుంది. సెన్సర్‌ను పొగకు దూరం జరిపే స్పేసర్ పెట్టి లైటును ఆర్పేస్తారు కొందరు. లైటు ఆరుతుంది, పొగ మాత్రం అలాగే ఉంటుంది.

రీమ్యాప్, అంటే ఈసీయూలోని లెక్కలు తిరగరాయించడం, అవసరమా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. మామూలుగా నడిపేటప్పుడు ఈసీయూ సెన్సర్ చెప్పినట్టు సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లలో ఆ సర్దుబాటు ఆగిపోయి, ముందే రాసి ఉన్న పట్టిక ప్రకారం పెట్రోల్ పడుతుంది. ఆ పట్టిక పాత మ్యానిఫోల్డ్ కోసం రాసింది. హెడర్ నిజంగా ఎక్కువ గాలిని లాగితే మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది. విచిత్రమేమిటంటే, హెడర్ బాగా పనిచేస్తేనే రీమ్యాప్ అత్యవసరం. ఏ పనీ చేయని హెడర్‌కు అదీ అక్కర్లేదు.

దిగుమతి సరుకు ధర చూసి బెదిరి, ఇక్కడే చేయించుకుందాం అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ ఆలోచన తీసిపారేయదగ్గది కాదు. పాల డెయిరీలకు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు స్టెయిన్‌లెస్ పైపులు అతికే వెల్డర్లకు ఆర్గాన్ వెల్డింగ్‌లో మంచి చెయ్యి ఉంటుంది. గొట్టం లోపలికి కూడా ఆర్గాన్ నింపి అతకడం వాళ్లకు అలవాటు. అలా చేయకపోతే అతుకు లోపలివైపు పంచదార చల్లినట్టు గరుకుగా మాడిపోయి, పొగకు అడ్డుపడి, తర్వాత అక్కడే పగులుతుంది. ఆటోనగర్‌లో సైలెన్సర్లు అతికే మామూలు వెల్డింగ్‌కు ఈ పనికి పోలికే లేదు. అయితే పాల పైపు వెల్డర్‌కు తెలియనిది ఒకటుంది, సాగుడు. అర మీటరు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం 700 డిగ్రీలు వేడెక్కితే సుమారు 6 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. చుట్టూ బిగదీసి అతికితే ఆ ఆరు మిల్లీమీటర్లకు దారి దొరక్క ఏదో ఒక అతుకు చీలుతుంది. కలెక్టర్ దగ్గర జారే జాయింట్లు, తర్వాత ఫ్లెక్స్ పైపు పెట్టేది ఇందుకే. ఎడతెగని వేడికి 304 కంటే టైటానియం కలిసిన 321 మేలు, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. ఇక 304 అని చెప్పి 409 అనే చవక రకం అంటగట్టేవాళ్లకు జేబులో చిన్న అయస్కాంతం చాలు. 409కి గట్టిగా అతుక్కుంటుంది, 304కి అతుక్కోదు.

సన్నని గొట్టాలు బానెట్ కింద వేడిని ఎక్కువగా వదులుతాయి. దగ్గర్లో ఉన్న వైర్లు, ప్లాస్టిక్ క్లిప్పులు, రేడియేటర్ హోస్ మే నెలలో ముందు బలవుతాయి. అందుకని గొట్టాలకు హీట్ ర్యాప్ చుట్టే అలవాటు ఉంది. మెట్ట ప్రాంతంలో, కనిగిరి, పొదిలి వైపు తిరిగే కారుకైతే ఫర్వాలేదు. మైపాడు, కొత్తపట్నం లాంటి తీర గ్రామాల్లో ఉండే కారుకు అదే ర్యాప్ ఉప్పు చెమ్మను పట్టి ఉంచుతుంది. వారాల తరబడి నిలిపిన కారులో ర్యాప్ విప్పి చూస్తే కింద స్టీలు గుంటలు పడి ఉంటుంది. తీరంలో సెరామిక్ కోటింగ్, హీట్ షీల్డ్ కొంచెం ఖరీదైనా ఎక్కువకాలం వస్తాయి. కిందికి వేలాడే పొడవాటి హెడర్ కార్లు వానాకాలం రోడ్డు గుంటల్లోనూ జాగ్రత్తగా పోవాలి. ఎర్రగా కాలిన స్టీలు మీద ఒక్కసారిగా నీళ్లు పడితే అతుకులు తట్టుకోవు. నీళ్లకంటే ముందు స్పీడ్ బ్రేకర్లే కలెక్టర్‌ను నొక్కేస్తాయి.

శబ్దం సంగతి మొదట్లోనే పక్కన పెట్టాం గానీ, దానిలో ఒక భాగం మాత్రం పట్టించుకోవాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ 2,500 ఆర్‌పీఎంలో సెకనుకు 83 సార్లు పేలుతుంది. హెడర్‌తోపాటు వెనక ఖాళీ సైలెన్సర్ కూడా పెట్టించిన కారులో ఆ 83 హెర్ట్జ్ మోత క్యాబిన్ అంతా నిండిపోతుంది. కావలి నుంచి ఒంగోలు దాకా హైవే మీద ఒకే వేగంలో పోతుంటే తల దిమ్మెక్కుతుంది, వెనక సీట్లో ఇంట్లోవాళ్లు ఉంటే తిట్లు కూడా. మధ్యలో ఒక రెజొనేటర్ (మోతను తగ్గించే చిన్న డబ్బా) ఉంచుకుంటే పవర్ పెద్దగా పోదు.

చివరిగా పాత మ్యానిఫోల్డ్. విప్పిన రోజు అది బరువైన ఇనుప ముద్దలా కనబడి చాలామంది తుక్కు కింద తూకానికి వేసేస్తారు. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలంటే మళ్లీ తనిఖీకి వెళ్లాలి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. హెడర్‌కు లాయకైన సిటీ వీటెక్, ఎస్టీమ్ లాంటివన్నీ ఆ వయసు దాటినవే. వాటికి అసలు మ్యానిఫోల్డ్, క్యాటలిస్ట్ ఇప్పుడు కొనాలంటే దొరకవు, దొరికినా తుక్కుకు వేసిన ధరకు ఎన్నో రెట్లు. నట్లు, హీట్ షీల్డ్, పాత సెన్సర్‌తో సహా నూనె రాసి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టుకోవాలి.